రుషికుల్య మొగ పూడుకుపోతే తవ్వాల్సింది ఎవరు? పోర్టా, ప్రభుత్వమా?

ఛత్రపురం_కుర్రాడు
అందరికీ నమస్కారం. మాది ఒడిశా గంజాం జిల్లాలో ఛత్రపురం అవతల సముద్రం ఒడ్డు పల్లె, వేట చేసుకునే వాడబలిజలం. నేను బరంపురంలో డిప్లొమా చదువుతున్నాను. మా ఊరి ఫైబర్ బోట్లు రుషికుల్య మొగలోంచే, అంటే ఆ నది సముద్రంలో కలిసే చోటునుంచే, వేటకి వెళ్తాయి. వరద తగ్గాక ఇసుక మేట వేసి మొగ సన్నబడిపోతుంది. అప్పుడిక పోటు మీద బయటికి వెళ్లి, మళ్లీ పోటు మీదే లోపలికి రావాలి. పాటులో వచ్చిన బోటు బయట కెరటాల్లో లంగరు వేసుకుని కూర్చోవలసిందే. తొందరపడి లోపలికి దూరితే బోటుని తోసే ఫ్యాను (ప్రొపెల్లర్) ఇసుకకి తగిలి విరుగుతుంది, ఆ వేట డబ్బులన్నీ దానికే సరి.

మా వాళ్లు ఒక ఆఫీసుకి వెళ్తే ఇది మా పని కాదు, ఫలానా శాఖకి వెళ్లండి అన్నారు. అక్కడికి వెళ్తే ముందు అటవీ శాఖ ఒప్పుకోవాలన్నారు. ఊళ్లో పెద్దల మాట ఏంటంటే, ఇటు పక్కనే గోపాల్‌పూర్ పోర్టు ఉంది కదా, అక్కడికి వచ్చే డ్రెడ్జర్‌నే (అడుగు ఇసుక తవ్వే ఓడ) ఓ నాలుగు రోజులు ఇటు పంపమంటే సరిపోదా అని. ఇది జరిగే పనేనా? అసలు డ్రెడ్జింగ్‌లో ప్రభుత్వం వంతు ఎంత, ప్రైవేటు వంతు ఎంత? తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం_బాబాయ్
జరగదు తమ్ముడూ. పోర్టు వాళ్లు తమ కాలువ తవ్వుకుంటారు గానీ నీ మొగ ఎందుకు తవ్వుతారు? ఎవరి ఇంటి ముందు వాళ్లే ఊడ్చుకుంటారు.

రిటైర్డ్_మేట్_విశాఖ
బాబూ, నేను డ్రెడ్జర్ల మీద పనిచేసి రిటైర్ అయ్యాను. వాళ్లు పంపినా ఆ డ్రెడ్జర్ మీ మొగలోకి రాలేదు.

పోర్టు కాలువల్లో ఎక్కువగా వాడేది ట్రెయిలింగ్ సక్షన్ హాపర్ డ్రెడ్జర్. పేరు పెద్దదే గానీ అదీ ఒక ఓడే. పక్కనుంచి ఏనుగు తొండంలా ఒక గొట్టం అడుక్కి దిగుతుంది. దాని చివర డ్రాగ్‌హెడ్ ఉంటుంది. ఓడ మెల్లగా నడుస్తుంటే అది అడుగు గీరుతూ పోతుంది, పంపు ఇసుకని నీళ్లతో కలిపి లాగి ఓడ కడుపులో పోస్తుంది. ఇసుక కిందికి దిగుతుంది, పైనున్న బురదనీరు ఓవర్‌ఫ్లో నుంచి బయటికి పోతుంది. నిండాక సముద్రంలో అనుమతి ఇచ్చిన చోటికి వెళ్లి అడుగు తలుపులు తెరిస్తే కొద్ది నిమిషాల్లో అంతా జారిపోతుంది. మళ్లీ వెనక్కి. రాత్రీ పగలూ ఇదే. నిండిన ఓడకి మధ్యరకమైతే ఆరేడు మీటర్ల నీరు కావాలి. మీ మొగలో పాటు వేళ నడుం లోతు కూడా ఉండదు కదా?

మీకు కావాల్సింది చిన్న కట్టర్ సక్షన్ డ్రెడ్జర్. అది రెండు ఇనుప కాళ్లు అడుగున దింపుకుని, ముందున్న కట్టర్‌ని అటూ ఇటూ ఊపుతూ తవ్వుతుంది. తవ్వినది గొట్టంలో ఒడ్డుకు తోస్తుంది. చెరువులో, నదిలో, హార్బర్ లోపల బాగా పనిచేస్తుంది. మొగ దగ్గర కెరటం లేస్తే మాత్రం కాలు వంగిపోతుంది, తాళ్లు తెగుతాయి. అందుకే ఏ కాంట్రాక్టరూ వానాకాలంలో మొగ పని ఒప్పుకోడు.

ఇచ్ఛాపురం_మాస్టారు
మేట్‌గారు యంత్రం సంగతి చెప్పారు. నేను కాగితాల సంగతి చెబుతాను.

మన దేశంలో పోర్టులు రెండు రకాలు. విశాఖ, పారాదీప్ లాంటి పెద్ద పోర్టులు కేంద్రం కింద ఉంటాయి, 2021లో వచ్చిన మేజర్ పోర్ట్ అథారిటీస్ చట్టం వాటిదే. మిగతావి రాష్ట్రాల కింద ఉంటాయి. గోపాల్‌పూర్ రాష్ట్రం కిందిది. ముందు అది మంచి వాతావరణంలో మాత్రమే పనిచేసే రేవు, ఓడ దూరంగా లంగరేస్తే బార్జీల మీద సరుకు దించేవారు. 2006లో ఒడిశా ప్రభుత్వం దాన్ని ఏడాది పొడవునా నడిచే పోర్టుగా చేయడానికి ప్రైవేటు కంపెనీల కూటమికి 30 ఏళ్ల కన్సెషన్ (కట్టుకుని నడుపుకునే హక్కు) ఇచ్చింది, పదేళ్ల చొప్పున రెండుసార్లు పొడిగించే వీలుతో. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను సరిగ్గా అక్కడే తీరం దాటి పోర్టుని దెబ్బ తీసింది. 2017లో షాపూర్‌జీ పల్లోంజీ గ్రూపు చేతికి వచ్చింది. 2024లో అదానీ పోర్ట్స్ 95 శాతం వాటా కొంటున్నట్టు ప్రకటించింది.

ఇలాంటి కన్సెషన్‌లో కాలువ లోతు నిలబెట్టుకునే భారం నడిపేవాడిదే, ఖర్చూ వాడిదే. రేవు బయట, నదీ ముఖం దగ్గర వాడికి బాధ్యత లేదు. ఒప్పందంలోనో పర్యావరణ అనుమతిలోనో షరతు రాసి ఉంటే తప్ప.

మా శ్రీకాకుళం జిల్లాలో మూలపేట పోర్టుది వేరే పద్ధతి. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. అక్కడ రాష్ట్ర మారిటైమ్ బోర్డు అప్పు తెచ్చి, కాంట్రాక్టరుకి పని అప్పజెప్పి గోడలు కట్టిస్తోంది, కాలువ తవ్విస్తోంది. నడపడం తర్వాతి మాట. అంటే మొదటి తవ్వకం ఖర్చు ప్రభుత్వం నెత్తిన, గోపాల్‌పూర్‌లో అదే ఖర్చు ప్రైవేటు నెత్తిన. సరిహద్దుకి ఇటొకటీ అటొకటీ.

కారం_బూందీ
అంటే ప్రైవేటుకి ఇస్తే పని అవుతుంది, ప్రభుత్వానికి ఇస్తే అప్పు అవుతుంది. అంతేగా మాస్టారూ?

రిటైర్డ్_మేట్_విశాఖ
@కారం_బూందీ అంత సులువు కాదు బాబూ. కలకత్తా సంగతి చూడు. హుగ్లీ నదిలో హల్దియా దాకా ఓడ రావాలంటే ఇసుకమేటల మధ్య కాలువ ఎప్పుడూ తవ్వుతూనే ఉండాలి. ఆ ఖర్చు ఆ పోర్టు సంపాదనతో తీరేది కాదు, అందుకే కేంద్రం ఏళ్ల తరబడి ఆ డబ్బు తిరిగి కడుతూ వచ్చింది. లాభం చూసుకునేవాడైతే ఎప్పుడో మూసేసేవాడు.

డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1976లో పుట్టింది ఇందుకే. విశాఖే దాని ఇల్లు. ప్రతి పనికీ విదేశీ డ్రెడ్జర్ కోసం ఎదురు చూడకుండా మన చేతిలో ఓడలు ఉండాలని. ఒకప్పుడు పెద్ద పోర్టుల పనులు నామినేషన్ మీదే, అంటే టెండరు లేకుండానే వచ్చేవి. తర్వాత టెండర్లు తెరిచారు. హాలండ్, బెల్జియం కంపెనీలు వచ్చాయి, మన ప్రైవేటు వాళ్లూ డ్రెడ్జర్లు కొన్నారు. 2019లో కేంద్రం తన 73.47 శాతం వాటాని అమ్మేసింది. అయితే కొన్నది ప్రైవేటు కాదు. విశాఖ, పారాదీప్, జేఎన్‌పీటీ (ముంబై పక్కన నెహ్రూ పోర్టు), కాండ్లా పోర్టులు కలిసి సుమారు 1,050 కోట్లకు కొన్నాయి. విశాఖ 19.47, మిగతా మూడూ తలా 18 శాతం. ప్రభుత్వం ఈ జేబులోంచి తీసి ఆ జేబులో పెట్టుకుందని అప్పట్లో మేం నవ్వుకున్నాం. ఉద్యోగాల టెన్షన్‌తో నిద్రపోని వాళ్లు మాత్రం నవ్వలేదులే.

లెక్కల_సర్వేయర్
నేను డ్రెడ్జింగ్ సర్వే చేసే పనిలో ఉన్నాను, కంపెనీ పేరు వద్దు. ప్రభుత్వమా ప్రైవేటా అని అందరూ అడుగుతారు, కొలిచేది ఎవరు అని ఎవరూ అడగరు. డబ్బంతా కొలతలోనే ఉంది.

పని మొదలయ్యే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి, ఎకో సౌండర్ (శబ్దంతో లోతు కొలిచే పరికరం) పెట్టిన లాంచీతో గీతలు గీసినట్టు తిరిగి అడుగు లోతు తీస్తాం. రెండు పటాలకీ తేడా ఎంతో అన్ని ఘనపు మీటర్లకి బిల్లు. ఇంకో పద్ధతి ఓడ కడుపులో ఎంత నిండిందో లెక్కించి బిల్లు వేయడం. ఈ రెండూ ఎప్పుడూ కలవవు. లాగినప్పుడు ఇసుక గుల్లబారి పొంగుతుంది, సన్న బురద ఓవర్‌ఫ్లోలో పోతుంది, తవ్విన చోటికే పక్కనుంచి ఇసుక జారి వస్తుంది. తుఫాను ఒకటి వచ్చిపోతే రెండు సర్వేల మధ్య అడుగే మారిపోతుంది. అప్పుడు తవ్వినవాడు తవ్వానంటాడు, పటం లేదంటుంది. నేను పనిచేసిన ఒక చోట ఈ గొడవతో బిల్లు ఏడాది నిలిచిపోయింది, మా జీతాలూ దాంతోపాటే.

అందుకని జలమార్గాల్లో కొన్నిచోట్ల లోతుకే కాంట్రాక్టు ఇస్తున్నారు. ఎంత తవ్వావన్నది మాకనవసరం, ఏడాదంతా ఇంత లోతు ఉంచు, ఉన్నన్ని రోజులకు డబ్బు. గంగ మీద జాతీయ జలమార్గం 1లో ఈ పద్ధతి వాడారు. మేట వేసే రిస్కు కాంట్రాక్టరుది అవుతుంది. రేటు కూడా దానికి తగ్గట్టే పెంచుతాడు, అది వేరే సంగతి.

మొదటిసారి లోతు చేయడాన్ని కాపిటల్ డ్రెడ్జింగ్ అంటారు, తర్వాత ఏటా పూడిక తీయడం మెయింటెనెన్స్. 2020 చివర్లో కేంద్రం ఒప్పుకున్న పారాదీప్ వెస్ట్రన్ డాక్ లెక్క చూడండి. మొత్తం 3,004.63 కోట్లలో కాపిటల్ డ్రెడ్జింగ్ ఒక్కటే 352.13 కోట్లు. కుర్రాడి మొగకి ఇందులో వెయ్యో వంతు ఖర్చయినా, ఏ పద్దు కిందా దానికి చోటు లేదు. అదీ అసలు సమస్య.

రామయ్యపట్నం_కోడలు
మీరంతా తవ్వడం గురించే మాట్లాడుతున్నారు. మాది గంజాం జిల్లా రామయ్యపట్నం, ఆంధ్రలోది కాదు. మా ఊళ్లో సముద్రం ఇళ్లే తీసుకుపోతోంది. మా అత్తగారి పాత ఇల్లు ఉన్న చోట ఇప్పుడు కెరటం విరుగుతుంది, గుడి మెట్ల దాకా నీరు వచ్చిన రోజులున్నాయి. పోర్టు తవ్వకాల వల్లే ఇదంతా అని మా వాళ్ల నమ్మకం. నిజమేనా?

ఇచ్ఛాపురం_మాస్టారు
అమ్మా, మీ కష్టం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. కారణం మాత్రం జాగ్రత్తగా చూడాలి. మన తూర్పు తీరంలో నైరుతి గాలుల కాలమంతా కెరటాలు ఏటవాలుగా తగిలి ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. చలికాలంలో కొంత వెనక్కి వస్తుంది, ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అది లక్షల ఘనపు మీటర్లలో ఉంటుంది. దానికి అడ్డంగా గోడ కడితే దక్షిణం వైపు ఇసుక పేరుకుంటుంది, ఉత్తరం వైపు కోత పడుతుంది. పారాదీప్‌లో జరిగింది ఇదే. ఆ లెక్కన గోపాల్‌పూర్ రేవు ప్రభావం ఉత్తరాన, అంటే రుషికుల్య వైపు వెతకాలి. మీ ఊరు దానికి దక్షిణాన ఉంది.

రామయ్యపట్నం_కోడలు
మరి మాకెందుకు కోస్తోంది మాస్టారూ? మాకు దక్షిణాన పోర్టు లేదు కదా.

ఇచ్ఛాపురం_మాస్టారు
ఫైలిన్, తిత్లీ లాంటి తుఫానులు ఒడ్డుని ఒక్క రాత్రిలో గీరేస్తాయి. బాహుదా లాంటి చిన్న నదుల్లో ఇసుక తవ్వేసుకుంటే సముద్రానికి చేరేదీ తగ్గుతుంది. పోర్టుని తిడితే అది మా వల్ల కాదని కాగితం చూపించి తప్పించుకుంటారు. మీ అర్జీలో నది ఇసుక తవ్వకం సంగతి కూడా రాయండి, దానికి జవాబు చెప్పాల్సింది జిల్లా యంత్రాంగమే. మూలపేట గోడల ఉత్తరాన ఏం జరుగుతుందో మా శ్రీకాకుళం వాళ్లం ఇప్పటినుంచే ఫోటోలు తీసి పెట్టుకుంటున్నాం.

రిటైర్డ్_మేట్_విశాఖ
మాస్టారు చెప్పిన గోడ సంగతికి విశాఖే పాఠం. 1933లో హార్బర్ తెరిచేనాటికే ఇసుక పోరు మొదలైంది. కాలువ నోట్లో ఇసుక పడకుండా రెండు పాత ఓడల్ని ముంచి వాటినే అడ్డుగోడగా చేశారు. ఇప్పటికీ దక్షిణం నుంచి వచ్చే ఇసుకని పట్టే గుంట ఒకటి ఉంది. అందులోంచి డ్రెడ్జర్ ఇసుక తీసి గొట్టం ద్వారా ఆర్‌కే బీచ్ ఒడ్డున పోస్తుంది. బీచ్‌లో నల్లటి నీళ్లు చిమ్ముతుంటే జనం మురుగు వదిలారని తిడుతుంటారు. అది వాళ్ల బీచ్‌కి రావలసిన ఇసుకే.

నా అభిప్రాయం ఒక్కటే. ఇసుక దారికి అడ్డం పడినవాడు దాన్ని అవతలి ఒడ్డుకి దాటించాలి. కేంద్రం పోర్టయినా, రాష్ట్రం పోర్టయినా, ప్రైవేటు అయినా సరే. తీసుకెళ్లి లోతు సముద్రంలో పారబోయడం చవక. ఎందుకంటే ఓడ తలుపు తెరిస్తే చాలు, ఒడ్డుకి కొట్టాలంటే గొట్టాలూ పంపింగూ గంటల సేపు. ఆ తేడా డబ్బు ఎవరు భరించాలో ఒప్పందంలో మొదటే రాయకపోతే తర్వాత ఎవడూ భరించడు.

కారం_బూందీ
మీరంతా డ్రెడ్జర్ అంటున్నారు, మా ఛత్రపురంలో నేల మీదే డ్రెడ్జర్ ఉంది తెలుసా? ఇసుకలోంచి ఖనిజాలు తీసే ఐఆర్‌ఈఎల్ వాళ్ల ఓస్కామ్ ప్లాంటులో ఇసుక మధ్య చెరువు తవ్వి, అందులో డ్రెడ్జర్ తేల్చి, ఇల్మనైట్ అనే నల్లటి ఖనిజం కోసం ఇసుక లాగుతారు. వెనకే తేలే ప్లాంటులో కడుగుతారు. చెరువు తవ్వుకుంటూ ముందుకు జరుగుతుంది, వెనక పూడ్చుకుంటూ వస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థే. దాన్నే అడిగితే పోలా 😀

ఛత్రపురం_కుర్రాడు
@కారం_బూందీ మా మామయ్య అక్కడ కాంట్రాక్టు లేబరే అన్నా. ఆ డ్రెడ్జర్ చెరువు దాటి రాదు 😀

రంభ_పడవలాయన
చిలికా సంగతి ఎవరూ ఎత్తలేదేం? మొగ తవ్వడం ప్రభుత్వం పనే అనడానికి అంతకన్నా సాక్ష్యం లేదు. పాత మొగ పూడుకుపోయి సరస్సులో ఉప్పు తగ్గిపోయింది, గుర్రపుడెక్క అల్లుకుపోయింది, చేపల రాబడి పడిపోయింది. 1993లో ప్రమాదంలో ఉన్న రామ్‌సర్ సరస్సుల (అంతర్జాతీయ గుర్తింపున్న చిత్తడి నేలల) జాబితాలో చేర్చారు. రాష్ట్రం పెట్టిన చిలికా డెవలప్‌మెంట్ అథారిటీ పుణెలోని కేంద్ర జల పరిశోధన సంస్థ సీడబ్ల్యూపీఆర్‌ఎస్ లాంటి వాటితో నమూనాలు చేయించి, 2000 సెప్టెంబరులో సిపకుద దగ్గర కొత్త మొగ తెరిచింది. సముద్రానికి దారి 18 కిలోమీటర్లు తగ్గింది. అంతకు ముందు ఏడాదికి 2 వేల టన్నులు కూడా లేని చేప 2001-02కి 10 వేలు దాటింది. 2002లో ఆ జాబితాలోంచి తీసేశారు. మీ రుషికుల్య నుంచి మా వైపు వచ్చే పాలూరు కాలువ పూడిక కూడా అథారిటీయే తీయించింది. ఏ ప్రైవేటు వాడికి ఇందులో లాభం ఉంది చెప్పండి?

అయితే తవ్విన మొగ తవ్విన చోటే నిలబడదు. తర్వాత సముద్రం తనకి నచ్చిన చోట ఇంకో మొగ తెరుచుకుంది.

లెక్కల_సర్వేయర్
@రంభ_పడవలాయన చిలికాకి అథారిటీ ఉంది, రామ్‌సర్ పేరుంది, టూరిస్టులున్నారు. రుషికుల్య మొగకి తాబేళ్లున్నాయి. అక్కడే చిక్కు.

ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపుగా గుడ్లు పెట్టేది ఆ మొగ పక్క ఇసుకతిన్నె మీదే. నవంబర్ 1 నుంచి మే 31 దాకా అక్కడ 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. ఆ ఏడు నెలల్లో డ్రెడ్జర్ పెడతామంటే అటవీ శాఖ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. మిగిలింది జూన్ నుంచి అక్టోబరు. అప్పుడు కెరటమూ వరదా, మేట్‌గారు చెప్పినట్టు కట్టర్ డ్రెడ్జర్ నిలబడదు. వరద తగ్గి అక్టోబరులో సముద్రం కాస్త నెమ్మదిస్తే దొరికే కొన్ని రోజులే గతి. అదేమో తుఫానుల నెల. ఆ కొన్ని రోజుల కోసం యంత్రం తెచ్చి, దించి, మళ్లీ తీసుకెళ్లే ఖర్చే తవ్వకం ఖర్చుని మించుతుంది.

తవ్వాక నిలబెట్టాలంటే మొగకి రెండు వైపులా రాతిగోడలు కావాలి. గోడ వేస్తే ఉత్తరాన కోత, తాబేళ్ల తిన్నె గల్లంతు. మొగ దగ్గరి పొదంపేట వాళ్లు ఇప్పటికే సముద్రం కోతకి ఊరు వదిలి లోపలికి జరిగినవాళ్లు.

బరంపురం_బాబాయ్
పోర్టు వాళ్ల సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులున్నాయిగా? ఓ పొక్లెయిన్ పెట్టి మొగ తీయించమని అడగండి. కలెక్టర్ ఒక్క మాట చెబితే అయిపోతుంది.

రిటైర్డ్_మేట్_విశాఖ
ఒక ఏడాది అవుతుంది బాబాయ్. ఫోటో దిగుతారు, పేపర్లో వస్తుంది. రెండో ఏడాది ఆఫీసరు మారతాడు, ఆ డబ్బు బడి మరుగుదొడ్లకి పోతుంది. తప్పనను, అవీ కావాలి. కానీ సీఎస్‌ఆర్ వాళ్ల ఇష్టం, అనుమతిలో షరతు మన హక్కు. అడిగేదేదో హక్కు దగ్గర అడగండి.

ఇచ్ఛాపురం_మాస్టారు
ఆ షరతులు చూడటానికి సమాచార హక్కు అర్జీ కూడా అక్కర్లేదు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం అనుమతి తీసుకున్న ప్రతి ప్రాజెక్టూ జూన్ 1కీ డిసెంబర్ 1కీ ఆరు నెలల అమలు నివేదిక ఇవ్వాలి. అవి ఎవరైనా చూడదగ్గ పత్రాలు. కుర్రాడు చూడాల్సినవి మూడు. తీరరేఖ సర్వే చేయాలని షరతు ఉందా, ఉంటే ఫలితం జత చేశారా? తవ్విన ఇసుక ఎక్కడ పోయాలని ఉంది? ఒడ్డుకి పోయాలని ఎక్కడైనా రాశారా? కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ వెబ్‌సైటులో అనుమతి పత్రంతో మొదలుపెట్టు.

రాష్ట్రంతో ఉన్న కన్సెషన్ ఒప్పందంలో డ్రెడ్జింగ్ పేజీలు కావాలంటే అప్పుడు సమాచార హక్కు. ఒడిశాలో తెల్లకాగితం మీద రాస్తే వెనక్కి పంపుతారు, ఫారం ఏ నింపాలి, గుర్తింపు పత్రం నకలు పెట్టాలి. మా ఆంధ్రలో ఈ బాధ లేదు.

ఛత్రపురం_కుర్రాడు
చాలా థాంక్స్ మాస్టారూ, మేట్‌గారూ. డ్రెడ్జర్ అడిగే బదులు రెండు అడుగుతాం. పోర్టు పక్కన తీసిన ఇసుక ఉత్తరం ఒడ్డుకి వస్తోందా లేదా అని ఒకటి. అక్టోబరులో దొరికే ఆ కొన్ని రోజుల్లో మొగ దగ్గర పొక్లెయిన్‌తో దారి తీయడానికి మత్స్యశాఖ పద్దులో ఏటా ఇంత అని పెట్టాలని రెండోది, అటవీ శాఖ ఒప్పుకున్న హద్దులోనే. మా పెద్దలు రెండోదానికి తలూపారు, మొదటిది విని మనకెందుకురా పోర్టుతో అన్నారు.

లెక్కల_సర్వేయర్
అర్జీతో పాటు లోతులు కూడా పెట్టు తమ్ముడూ. ఎకో సౌండర్ అక్కర్లేదు. సీసం గుండు కట్టిన తాడుకి అడుగడుగునా గుర్తులు వేసి, అమావాస్య నాటి పాటు వేళ మొగకి అడ్డంగా ఒడ్డు నుంచి ఒడ్డుకి కొలుచుకుంటూ పోండి. ఫోన్‌లో ప్రతి కొలతకీ జీపీఎస్ నంబరూ టైమూ నోట్ చేసుకోండి. పౌర్ణమికి మళ్లీ అదే గీత మీద. ఒక సీజన్ ఇలా చేస్తే పటం నేను గీసిస్తాను, ఫీజేమీ లేదు.

ఛత్రపురం_కుర్రాడు
మా తాత బారల్లో చెప్తాడు అన్నా, మీటర్లలోకి మార్చుకుంటాను. గుండు ఎంత బరువుండాలి?

లెక్కల_సర్వేయర్
ప్రవాహంలో తాడు ఏటవాలుగా పోకుండా ఉండాలి, మూడు నాలుగు కిలోలు సరిపోతుంది. నైలాన్ తాడు వద్దు, సాగుతుంది.